సున్నకు మూలలు వస్తే

వంపు అన్నదే లేకుండా నిలువు, అడ్డం, ఏటవాలు గీతలతో కట్టిన అక్షరం కనిపిస్తే అది భవిష్యత్తు నుంచి ఊడిపడిందనుకుంటాం. అంతరిక్షం, రోబో, వీడియో గేమ్ అనగానే పోస్టర్ల మీద అలాంటి రాతే. కానీ అలాంటి రాతల్లో పేరుమోసిన ఒకదాని పుట్టుక వెతికితే దొరికేది ఏ కలా కాదు, ఒక యంత్రం చేతకానితనం. 1965లో జర్మనీలో రుడాల్ఫ్ హెల్ సంస్థ డిజిసెట్ అనే అచ్చుకూర్పు యంత్రాన్ని తెచ్చింది. అది సీసపు అచ్చులతో పనిలేకుండా, పాత టీవీల్లో ఉండే గాజుగొట్టం తెర మీద కాంతి చుక్కలతో అక్షరాన్ని గీసేది. చుక్కలు ముతక. గరమాండ్ లాంటి నాజూకు అక్షరాల వంపులు వాటిలో మెట్లుమెట్లుగా విరిగిపోయేవి. అది చూసిన డచ్చి రూపకర్త విమ్ క్రౌవెల్ ప్రశ్నను తిరగేశాడు: యంత్రానికి వంపు రానప్పుడు అక్షరానికి వంపెందుకు? 1967లో అతను వెలువరించిన ‘న్యూ ఆల్ఫాబెట్’లో అన్నీ సరళరేఖలే, మలుపు దగ్గర చిన్న ఏటవాలు కోత, అంతే. ఇంగ్లీషు ఎన్‌ కింద ఒక గీత పెడితే ఎమ్. మనకు ఒత్తులు అలవాటే కనుక ఈ ఏర్పాటు వింతగా తోచదు గానీ, అక్కడివాళ్లు చాలామంది చదవలేకపోయారు. అది వాడుక కోసం కాదు, ఆలోచన కోసం చేసిన ప్రయోగమని క్రౌవెలే ఒప్పుకున్నాడు. అయినా 1988లో జాయ్ డివిజన్ బృందం పాటల సంకలనం అట్ట మీదికి, 2011లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలోకి ఆ అక్షరం చేరింది. ముతక చుక్కల బాధ తీరిపోయాక కూడా మూలలు మిగిలాయి. యంత్రం అవసరం కాస్తా చూసేవాడి కంటికి శైలి అయింది.

తెలుగుకు ఈ మూలల అక్షరం నప్పదని, మనది పుట్టుకతోనే గుండ్రటి లిపి అని ఒక వాదం ఉంది. తాటాకు మీద గంటంతో అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి అక్షరం వంగిందని దానికి ఆధారం చూపుతారు. ఇందులో కొంత నిజముంది, కానీ పూర్తి నిజం కాదు. అరవంవాళ్లూ తాటాకు మీదే రాశారు, వాళ్ల అక్షరాల్లో నిలువు గీతలూ మూలలూ నిక్షేపంగా ఉన్నాయి. మన లిపికి మూలమైన బ్రాహ్మి ఎర్రగుడి అశోక శాసనాల్లో ఎక్కువగా గీతలతోనే నిలబడింది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం తిరుమలలోనే ఉంది. తాళ్లపాక వారి సంకీర్తనలను రెండు వేలకు పైగా రాగిరేకుల మీద చెక్కించారు. రాగి చీలదు. పైగా లోహం మీద వంపు తిప్పడం కన్నా తిన్నటి గీత కొట్టడమే సులువు. అయినా ఆ రేకుల మీద అక్షరం గుండ్రంగానే ఉంది. ఆకు భయం పోయింది, ఆకు నేర్పిన అలవాటు పోలేదు. అక్కడ గాజుగొట్టం, ఇక్కడ ఆకు, జరిగింది ఒకటే. కాబట్టి గుండ్రదనం తెలుగుకు ప్రాణం అనడం కన్నా పాత పనిముట్టు వదిలివెళ్లిన ముద్ర అనడం సబబు.

మరి చదవడం మాటేమిటి? అసలు అభ్యంతరం ఇదే, దీన్ని కొట్టిపారేయలేం. తేల్చుకోవలసింది మన అక్షరంలో గుర్తు ఎక్కడ ఉందన్నది. సున్నకు తలకట్టు పెడితే ర, లోపల చుక్క కూడా పెడితే ఠ. ఈ మూడింటినీ విడదీసేది తలకట్టూ చుక్కా తప్ప గుండ్రదనం కాదు. కనుక సున్నను నలుపలకగా చేసినా ఠ ఠగానే ఉంటుంది. తలకట్టు అంటుకుంటే వ, విడిపోతే ప. వ పక్కన కొమ్ము తగిలితే మ, అదే కొమ్ము కిందికి చుట్టుకుంటే వు. ఇక్కడ గీతకూ గీతకూ మధ్య సందే అక్షరాన్ని మోస్తోంది. వంపు తీసేసి సందు కాపాడితే మూలల తెలుగు చదవొచ్చు. సొగసు కోసం సందు మూసేస్తే ‘పాప’ కాస్తా ‘వావ’ అవుతుంది. తెలుగు సినిమా టైటిళ్లలో ఈ ప్రమాదం అరుదేమీ కాదు. అయితే అక్కడ పక్కన హీరో బొమ్మ ఉంటుంది, గండం గడుస్తుంది.

అందుకే శీర్షికల ఫాంటుకూ చదువుకునే ఫాంటుకూ తేడా పాటించాలి. శ్రీకాళహస్తి కవి పేరుతో పురుషోత్ కుమార్ గుట్టుల రూపొందించగా సిలికానాంధ్ర ఉచితంగా విడుదల చేసిన ‘ధూర్జటి’ కూడా పెద్ద సైజు శీర్షికల కోసం ఉద్దేశించిందే. పుస్తకమంతా దానితో కూర్చమని ఎవరూ అడగరు. మూలల తెలుగు కూడా పోస్టరుకూ ఆటల తెరకూ చాలు. యాత్రికుడు నడుస్తూ ఒక్క చూపులో చదవాల్సిన దారి బోర్డుకు వద్దు. నిజానికి ఎల్‌ఈడీ బోర్డుల మీద మెట్లుమెట్లుగా విరిగిన తెలుగును చూస్తూనే ఉన్నాం. అది ఎవరూ ఏరికోరి గీసిన రూపం కాదు, గుండ్రటి అక్షరాన్ని ముతక చుక్కల్లో కుక్కగా మిగిలింది. క్రౌవెల్‌ను కదిలించిన అవస్థే అరవై ఏళ్ల తర్వాత మన బస్సు నుదుటి మీద ఉంది.

పైగా ఇంగ్లీషు అక్షరానికి లేని చిక్కు మనకొకటి ఉంది, అది లోతు. పదహారు వరుసల చుక్కల బోర్డులో పైన గుడి, నడుమ అక్షరం, కింద ఒత్తు సర్దాలి, వాటి మధ్య సందులు మిగలాలి. ఉదాహరణకు, తిరుపతి జిల్లాలో భవిష్యత్తు పేరు చెప్పుకునే ఊళ్లకు ఈ మూలల ఫాంటు గీయబోయేవాడికి పరీక్ష మొదటి అక్షరంతోనే మొదలవుతుంది. రాకెట్లు ఎగిరే శ్రీహరికోటైనా, ఫ్యాక్టరీల శ్రీసిటీ అయినా ముందుండేది శ్రీ. ఎడమ నుంచి శను చుట్టుకుంటూ కిందికి దిగే ఆ రావత్తును మూడు సరళరేఖలుగా విరిచి, అది డబ్బాలా కనబడకుండా, పైన గుడిదీర్ఘానికి రెండు వరుసలు మిగల్చాలి.