పల్లకి వెంట నడిచే పాట

కనుమ రోజు దిగువ అహోబిలంలో పల్లకి బయల్దేరే వేళకు చెంచులు విల్లంబులతో సిద్ధంగా ఉంటారు. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం నుంచి ప్రహ్లాదవరదుడు, ఇద్దరు స్వాములూ ఒకే పల్లకిలో కూర్చుంటారు. ఆ పల్లకి వైపు బాణం వేసే హక్కు చెంచులది. తమ ఆడపడుచు చెంచులక్ష్మిని మనువాడిన అల్లుడికి అడవి బిడ్డలు చేసే మర్యాద అది. బాణం వదిలిన మరుక్షణం వేల గొంతుల్లో గోవింద నామం లేస్తుంది. మేళం అందుకుంటుంది. బోయీలు పల్లకి ఎత్తుకుంటారు. ఇక 40 రోజులకు పైగా స్వామికి గుడి లేదు. ఊళ్ళే గుళ్ళు.

నంద్యాల జిల్లా ఆళ్ళగడ్డ చుట్టుపక్కల దీన్ని పారువేట అంటారు. తన కల్యాణానికి రమ్మని స్వామి స్వయంగా గడప గడపకూ వచ్చి పిలిచే ఉత్సవం ఇది. 30కి పైగా ఊళ్ళు తిరిగి, ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాల నాటికి పల్లకి మళ్ళీ అహోబిలం చేరుతుంది. ఈ ఆనవాయితీ ఆరు వందల ఏళ్ళ నాడు అహోబిల మఠం తొలి జియ్యరు ఆదివన్ శఠకోప యతి కాలంలో మొదలైందని సంప్రదాయం చెబుతుంది. పారువేట గురించి రాసినప్పుడల్లా భక్తి గురించి, చెంచుల గురించి, మతసామరస్యం గురించి రాస్తారు. రాయాల్సినవే. కానీ బాచేపల్లిలోనో, కోటకందుకూరులోనో, రుద్రవరంలోనో పుట్టి పెరిగినవాళ్ళను కదిలిస్తే ముందుగా చెప్పేది చూసిన సంగతి కాదు, విన్న సంగతి. దూరంగా పొలాల గట్ల మీది నుంచి మేళం వినపడగానే బడి గంట కోసం ఆగకుండా పరుగెత్తడం. అరుగు మీద నిద్ర ముంచుకొస్తున్నా భజన అయిపోతుందేమోనని కళ్ళు తెరిచి కూర్చోవడం. అమ్మమ్మ ఒడిలో తల పెట్టుకుని విన్న మంగళహారతి. ఈ ఉత్సవం ఇక్కడివాళ్ళ చెవుల్లో ఉంటుంది.

మన దేశంలో పేరున్న సంగీతోత్సవాలకు జనం వెళ్తారు. ధనుర్మాసంలో చెన్నై సభలకు అమెరికా నుంచి కూడా విమానాలెక్కి వస్తారు. పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో కావేరి ఒడ్డున వందలమంది విద్వాంసులు బారులు తీరి కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో త్యాగరాజ పంచరత్నాలు పాడతారు. చాలా ఏళ్ళు ఆ పంచమి, పారువేట జరుగుతుండగానే వస్తుంది. అక్కడ ప్రహ్లాద భక్తి విజయం రాసిన వాగ్గేయకారుడికి తెలుగు కీర్తనలతో నివాళి జరుగుతుంటే, ఇక్కడ ప్రహ్లాదవరదుడు పల్లకిలో శనగచేల మధ్య ఊరూరా తిరుగుతుంటాడు. తేడా ఒకటే. అక్కడికి శ్రోత ప్రయాణం కట్టాలి. ఇక్కడ పాటే ప్రయాణం కట్టి శ్రోత వాకిట్లోకి వస్తుంది. టిక్కెట్టు లేదు, ముందు వరుస లేదు, నేర్చినవాళ్ళకో స్థలం, నేర్వనివాళ్ళకో స్థలం లేదు. అందుకే కాబోలు, పారువేట జ్ఞాపకాల్లో ఎప్పుడూ ఒక ఇల్లు ఉంటుంది, ఒక వీధి ఉంటుంది.

స్వామి దిగే ఊళ్ళకు సంక్రాంతి కన్నా ఇదే పెద్ద పండుగ. ఏ ఊళ్ళో ఏ రోజు ఉండాలో, ఏ తెలుపు మీద పల్లకి దించాలో తరతరాలుగా లెక్క ఉంది. తెలుపు అంటే స్వామి కొలువుండడానికి ఊళ్ళో కట్టిన అరుగు. దానికి ముందే సున్నం కొడతారు. వీధులు కడిగి ముగ్గులు పెడతారు. అత్తారింట్లో ఉన్న ఆడబిడ్డలు వస్తారు. హైదరాబాదు, బెంగళూరు పనులకు పోయినవాళ్ళు సంక్రాంతికి రాకపోయినా తమ ఊరి పారువేట తేదీకి సెలవు పెట్టుకుని దిగుతారు. అప్పటికి కేసీ కెనాల్ కింద వరికోతలు అయిపోయి ఉంటాయి. ఇంట్లో గింజ ఉంటుంది, ఒంటికి కాస్త తీరిక ఉంటుంది. రాయలసీమలో పాటకు ఇంతకన్నా మంచి కాలం ఇంకొకటి లేదు.

పల్లకి దిగాక, హారతులు అయ్యాక, రాత్రి మొదలయ్యేది చెక్కభజన. దీన్ని దగ్గర నిలబడి చూడాలి. ఇరవై, ముప్పై మంది కుర్రాళ్ళు వలయంగా నిలబడతారు. తలకు రంగు గుడ్డ, నడుముకు దట్టీ, కాళ్ళకు గజ్జెలు. ఒక్కొక్కరి చేతిలో ఒక జత చెక్కలు. చెక్క చివర్లలో చిన్న బిళ్ళలు కట్టి ఉంటాయి. రెండు చెక్కలు కలిస్తే ముందు కర్ర చప్పుడు, దాని వెనకే సన్నగా బిళ్ళల గలగల. మధ్యలో గురువు. ఆయన పల్లవి ఎత్తుకుంటాడు, వలయం అందుకుంటుంది. మొదట్లో అడుగు నింపాదిగా పడుతుంది. ఒకరి వెనక ఒకరు నడుస్తున్నట్టే ఉంటుంది. రెండో చరణానికి నడక కాస్తా గంతు అవుతుంది. గురువు చిన్న కేక వేస్తాడు. అంతే, వలయం లోపలికి తిరిగి, రెండుగా చీలి, ఒకరి చెక్కలు ఒకరికి తగిలించుకుంటూ మళ్ళీ కలుస్తుంది. అంత వేగంలోనూ ఒక్క చెక్క చప్పుడు విడిగా వినపడదు. విడిగా వినపడితే గురువు చూపు అటే తిరుగుతుంది.

ఆ కుర్రాళ్ళు సంగీతం బడిలో చదివినవాళ్ళు కాదు. పగలంతా పొలం పనో, మేస్త్రీ పనో చేసి, రాత్రుళ్ళు గుడి అరుగు ముందు నేర్చుకున్నవాళ్ళు. ఊళ్ళో భజన బృందం తయారు కావాలంటే పేరున్న గురువును పిలిపించి, భోజనం, వసతి చూసి, కొన్ని నెలలు మకాం పెట్టించడం సీమలో పాత పద్ధతి. గురువుకు బట్టలు పెట్టి సాగనంపేది ప్రదర్శన అయ్యాకే. కోలాటం, పండరి భజన కూడా ఇలాగే ఊళ్ళలో దిగాయి. రాయలసీమ మొత్తానికి ఇదే పెద్ద సంగీత కళాశాల అంటే అతిశయోక్తి కాదు.

అహోబిలంలో సంగీతానికి ఒక మూలస్థానమే ఉంది. నవ నరసింహుల్లో ఛత్రవట నరసింహస్వామి గుడి దిగువ అహోబిలానికి దగ్గర్లోనే, కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. నరసింహుడంటే గోళ్ళు, కోరలు, చీల్చిన పొట్ట గుర్తుకొచ్చేవాళ్ళు ఇక్కడికి తప్పక రావాలి. హాహా, హూహూ అనే గంధర్వులు వచ్చి ఈ స్వామి ముందు గానం చేశారని స్థలపురాణం. ప్రసన్నంగా కూర్చున్న స్వామి ఎడమ చెయ్యి తొడ మీద తాళం వేస్తున్నట్టు ఉంటుంది. కొత్తవాళ్ళెవరైనా వస్తే వెంట వచ్చినవాళ్ళు ముందు ఆ చెయ్యే చూపిస్తారు. ఉగ్రరూపుడు పాటకు లొంగి శ్రోతగా కూర్చున్న గుడి ఇది. ఆ గంధర్వుల పేర్లను తీసుకునే విశ్వనాథ సత్యనారాయణ ‘హాహాహూహూ’ నవల రాశారు. అందులో గంధర్వుడు ఏకంగా లండన్ నడిబొడ్డున పడతాడు. అహోబిలం గంధర్వులు మాత్రం అడవి దాటి పోలేదు. సంగీతం నేర్చుకునే పిల్లలను తీసుకొచ్చి ఈ స్వామి ముందు ఒక కీర్తనైనా పాడించి వెళ్ళేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

పాట ఇక్కడికి ఎన్ని దారుల్లో వచ్చిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నూట ఎనిమిది దివ్యదేశాల్లో అహోబిలం ఒకటి. తిరుమంగై ఆళ్వారు ‘పెరియ తిరుమొళి’లో ఈ కొండను పది పాశురాల్లో కీర్తించారు. తెలుగు నేల నడిమధ్య, నల్లమల అడవిలో, తమిళ పాశురాలు శతాబ్దాలుగా వినపడుతున్నాయి. బ్రహ్మోత్సవాల్లో వాహనసేవ వీధిలోకి వచ్చేటప్పుడు గోడ పక్కన నిలబడి కళ్ళు మూసుకుంటే వరస తెలిసిపోతుంది. ముందు తప్పెట్లు, డోలు. వాటి వెనక నాదస్వరం. అది దాటాక ఒకే గొంతుగా ప్రబంధ గోష్ఠి. తర్వాత ఒక్క క్షణం జనం అలజడి, కర్పూరం వాసన. అంటే స్వామి ఎదురుగా ఉన్నాడు. ఆయన దాటాక వేదగోష్ఠి. శ్రీవైష్ణవ సంప్రదాయంలో ద్రావిడ ప్రబంధం స్వామికి ముందు నడుస్తుంది, వేదం వెనక నడుస్తుంది. ఆ తమిళంలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ వరసలో ఏది ఎప్పుడొస్తుందో ఆళ్ళగడ్డ రైతుకు చెవికి కంఠస్థం.

తెలుగులో ఆ లోటు తీర్చినవాడు అన్నమయ్య. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టి, తిరుమల చేరి, అహోబిలం వచ్చి ఆదివన్ శఠకోప యతి దగ్గర వేదాంతం చదువుకున్నాడని మనుమడు చిన్నన్న రాసిన ‘అన్నమాచార్య చరిత్రము’ చెబుతుంది. ఆ పుస్తకాన్ని పరిష్కరించి వెలుగులోకి తెచ్చినవారు వేటూరి ప్రభాకరశాస్త్రి. అన్నమయ్య వేంకటపతి తర్వాత ఎక్కువగా పాడింది నరసింహుడినే అనిపిస్తుంది. అహోబిలాన్ని పేరు పెట్టి పిలిచిన కీర్తనలు ఎన్నో. వాటిలో కొండ ఉంటుంది, నది ఉంటుంది, చెంచెత ఉంటుంది. రాగిరేకుల్లో దాగిన ఆ సాహిత్యానికి రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు స్వరాలు కట్టాకే, ఇరవయ్యో శతాబ్దంలో అవి మళ్ళీ గొంతెక్కాయి. తిరుమల తిరుపతి దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు, క్యాసెట్లు వచ్చాక ఊళ్ళలోని మైకుసెట్లకూ ఎక్కాయి. ఆరు వందల ఏళ్ళ నాడు ఇక్కడ చదువుకున్న శిష్యుడు, పల్లకి ముందు లౌడ్‌స్పీకర్‌లో తిరిగొచ్చాడు.

చెంచులక్ష్మి కథ మరో దారి. అహోబిల నరసింహుడికీ చెంచితకూ జరిగిన పెళ్ళిని ఓబయమంత్రి యక్షగానంగా రాశాడు. వీధి భాగవతులు ఆడారు. సినిమాగా రెండుసార్లు వచ్చింది. 1958లో అక్కినేని, అంజలీదేవి నటించిన ‘చెంచులక్ష్మి’కి సాలూరు రాజేశ్వరరావు సంగీతం. ఆళ్ళగడ్డ వైపు ఓ తరం వాళ్ళ నోట పారువేట మాటొస్తే ఆ సినిమా పాటలు కూడా వస్తాయి. తెలుపు దగ్గర మైకులో విన్న పాట సినిమాదా, భాగవతులదా, అన్నమయ్యదా అని వాళ్ళు వేరు చేసి చూడరు. స్వామి పెళ్ళి పాట, అంతే.

ఇదే నేల మీద దేవుడివి కాని పాటలూ తిరునాళ్ళలో బతికాయి. ఆంగ్లేయుల మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడింది 1846లో. ఆయన్ను ఉరితీసింది 1847 ఫిబ్రవరి 22న. ఆంగ్లేయులు తలను కోట గుమ్మానికి ఏళ్ళ తరబడి వేలాడదీశారు. జనం ఆయన కథను పాటగా కట్టి ఊరూరా తిప్పారు. తంగిరాల వెంకట సుబ్బారావు ఆ పాటలు సేకరించి, ‘రేనాటి సూర్యచంద్రులు’లో నరసింహారెడ్డిని, కరువులో ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిని పక్కపక్కన నిలిపారు. నరసింహారెడ్డి మీద చిరంజీవి సినిమా 2019లో వచ్చే నాటికి ఆ కథ రేనాడు అనే ఈ ప్రాంతపు పాటగాళ్ళ నోట నూటయాభై ఏళ్ళకు పైగా పాతది.

నంద్యాల పట్టణం వాళ్ళకు ఈ కాలమంతా ఒకే పండుగలా సాగుతుంది. ఆళ్ళగడ్డ వైపు పారువేట నడుస్తుండగానే మహానందిలో, యాగంటిలో శివరాత్రి వస్తుంది. జాగరణ రాత్రి కోనేటి పక్కన శివభజనలు విన్నవాళ్ళే, కొద్ది రోజులకు బ్రహ్మోత్సవాల బస్సెక్కి నరసింహుడి కల్యాణానికి వెళ్తారు. శైవం, వైష్ణవం తేడాలు పండితులకు. భజన గురువుకు ఆ తేడా లేదు.

ఈ మధ్య ఊళ్ళలోకి డీజే పెట్టెలు వచ్చాయి. కుర్రాళ్ళకు ఉత్సాహం ఉండాల్సిందే, ఎవరూ కాదనరు. కానీ చెక్కభజన ఆడేవాడికి తన గజ్జె తనకు వినపడాలి, పక్కవాడి చెక్క వినపడాలి, గురువు కేక వినపడాలి. గుండె అదిరేంత మోత పక్కనే ఉంటే వలయం చెదిరిపోతుంది. కనీసం స్వామి తెలుపు మీద ఉన్నంతసేపు ఆ పెట్టెలు ఆపేయాలని ఊరి పెద్దలు కట్టుబాటు చేసుకోవాలి. ఎన్నో కట్టుబాట్లను తరాలపాటు నిలిపిన ఊళ్ళకు ఇదేం పెద్ద పని కాదు.

పారువేటకు యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో గుర్తింపు కోసం వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ ప్రయత్నం చేస్తోంది. ఆ జాబితాలో మన దేశం నుంచి 2012లో లడఖ్ బౌద్ధ పఠనం, 2013లో మణిపూర్ సంకీర్తన, 2021లో కోల్‌కతా దుర్గాపూజ, 2023లో గుజరాత్ గర్బా చేరాయి. తెలుగువారికే ప్రత్యేకమైన ఉత్సవం ఒక్కటీ లేదు. లడఖ్, మణిపూర్ పేర్లను ప్రత్యేకంగా తలచుకోవాలి. అవి గొంతుకూ, మద్దెలకూ దక్కిన గుర్తింపులు. అలాంటి దరఖాస్తుకు ఫొటోలు చాలవు, శబ్దం కావాలి. రుద్రవరంలో ఏ పాట పాడతారు, ఆలమూరులో ఏది, పల్లకి ఊరు దాటేటప్పుడు బోయీలు ఏమంటారు, చెంచులు స్వామిని ఏమని పిలుస్తారు, పెద్దవాళ్ళకు మాత్రమే వచ్చిన మంగళహారతులు ఎన్ని ఉన్నాయి? జేబులో ఫోను లేని మనిషి ఇప్పుడు లేడు. సెలవు పెట్టుకుని ఊరికి వచ్చే పిల్లలు సెల్ఫీలతో పాటు ఒక్కో భజన గురువు దగ్గర కూర్చుని, ఆయనకు వచ్చిన పాటలన్నీ పేరు, ఊరు, నేర్పిన గురువు పేరుతో సహా రికార్డు చేస్తే, వచ్చే కనుమకే ఆ పని మొదలవుతుంది.