తెల్లకణాలకు రక్తం గడ్డకట్టడంతో పనేమిటి?

రక్తం గడ్డకట్టించేవి ప్లేట్‌లెట్లని, రోగాలతో పోరాడేవి తెల్లకణాలని బడిలో చదువుకున్నాం. మరి సెప్సిస్‌తోనో కోవిడ్‌తోనో ఐసీయూలో చేరినవారికి కాళ్ల సిరల్లో, ఊపిరితిత్తుల్లో గడ్డలు ఎందుకు కడతాయి? అక్కడ కోత లేదు, గాయం లేదు. సూక్ష్మజీవి మీద మొదలైన పోరు రక్తం గడ్డకట్టేదాకా ఎందుకు పోతుంది?

జవాబులో చాలా భాగం న్యూట్రోఫిల్ అనే తెల్లకణం దగ్గర దొరుకుతుంది. పెద్దవాళ్ల రక్తంలోని తెల్లకణాల్లో సగానికి పైగా ఇవే. వీటి లోపలి రేణువుల్లో ప్రొటీన్లను కోసే ఎంజైములు ఉంటాయి. ముఖ్యమైనవి ఎలాస్టేజ్, కెథెప్సిన్-జి. మింగిన బాక్టీరియాను చంపడం వీటి పని. 2004లో బెర్లిన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు ఇంకో సంగతి బయటపెట్టారు. అవసరమైతే న్యూట్రోఫిల్ తన డీఎన్‌ఏనే పోగులుగా బయటికి విసిరి, ఆ వలలో సూక్ష్మజీవులను పట్టేస్తుంది. ఎలాస్టేజ్ ఆ పోగులకే అంటుకుని ఉంటుంది.

ఇక గడ్డకట్టడం సంగతి. మన రక్తం ఎప్పుడంటే అప్పుడు గడ్డకట్టకుండా టీఎఫ్‌పీఐ అనే ప్రొటీన్ కళ్లెం పట్టి ఉంచుతుంది. గడ్డకట్టే వరుసలోని తొలి మెట్టునే అది అడ్డుకుంటుంది. వల మీది ఎలాస్టేజ్ ఈ టీఎఫ్‌పీఐని కోసేస్తుంది. దాంతో గడ్డకట్టించే ఎంజైమ్ త్రాంబిన్ పుడుతుంది, గడ్డను పట్టి ఉంచే ఫైబ్రిన్ పోగులు అల్లుకుంటాయి. కెథెప్సిన్-జి అయితే నేరుగా ప్లేట్‌లెట్లనే ఉసిగొల్పగలదు.

శరీరం ఇంత ప్రమాదకరమైన పని ఎందుకు పెట్టుకుంది? 2010లో వెలువడిన ఎలుకల ప్రయోగం దీనికి చక్కని జవాబు ఇచ్చింది. ఇ-కోలై సోకిన ఎలుకల కాలేయంలో, సన్నని రక్తనాళాల్లో కట్టిన చిన్న చిన్న గడ్డలు బాక్టీరియాను అక్కడే బంధించాయి. ఈ రెండు ఎంజైములూ లేని ఎలుకల్లో గడ్డలు తగ్గాయి, బాక్టీరియా మాత్రం కణజాలంలోకి మరింతగా చొరబడింది. అంటే ఆ చిన్న గడ్డ కూడా రక్షణలో భాగమే. సముద్రపు గుర్రపునాడా పీత ఇందుకు మంచి సాక్ష్యం. దాని రక్తంలో ప్రధానంగా ఒకే రకం కణం ఉంటుంది. బాక్టీరియా విషం తగలగానే చుట్టూ గడ్డకట్టించేదీ, సూక్ష్మజీవులను చంపేదీ అదే. మనలో రెండు పనులూ వేర్వేరు కణాలకు పంచుకుపోయినా, సంబంధం తెగలేదు.

ఈ బంధుత్వం ఎంత దగ్గరిదో చెప్పే కేసు ఒకటి అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో నమోదైంది. నన్ను బాగా కదిలించిన కేసు ఇది. ఎలాస్టేజ్ అదుపు తప్పకుండా మన కాలేయం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. అక్కడి ఒక బాలుడిలో ఈ ప్రొటీన్‌లోని 358వ స్థానంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారింది. మెథియోనిన్ ఉండాల్సినచోట ఆర్జినిన్ వచ్చింది. అంతే, అది ఎలాస్టేజ్‌ను వదిలి త్రాంబిన్‌ను పట్టుకోవడం మొదలుపెట్టింది. దాంతో రక్తం సరిగా గడ్డకట్టేది కాదు. గాయమైనప్పుడల్లా కాలేయం ఈ ప్రొటీన్‌ను ఇంకా ఎక్కువగా విడుదల చేస్తుంది కాబట్టి రక్తస్రావం మరీ ఎక్కువయ్యేది. చివరికి ఆ బాలుడు రక్తస్రావంతోనే చనిపోయాడు. కారణం 1983లో తేలింది. ఎలాస్టేజ్, త్రాంబిన్ ఒకే కుటుంబపు ఎంజైములు కనుకనే అంత చిన్న మార్పు అంత పని చేసింది.

అలాగైతే ఎలాస్టేజ్‌ను మందుతో ఆపేస్తే గడ్డల బెడద తీరదా? తీరదు, ఎందుకంటే అది రెండు వైపులా పనిచేస్తుంది. గడ్డకట్టించడానికి దారి తీసే ఆ ఎంజైమే, గడ్డలోని ఫైబ్రిన్‌నూ కోయగలదు. గడ్డను కరిగించే ప్రధాన ఎంజైమ్ ప్లాస్మిన్. కోవిడ్ రోజుల్లో అందరి నోటా వినిపించిన డి-డైమర్ పరీక్ష, ప్లాస్మిన్ కోసిన ముక్కలనే ముఖ్యంగా కొలుస్తుంది. ఎలాస్టేజ్ కోసే చోట్లు వేరు. పైగా సూక్ష్మజీవులతో పోరాటానికీ ఎలాస్టేజ్ కావాలి. జపాన్‌లో సివెలెస్టాట్ అనే ఎలాస్టేజ్ నిరోధకం వాడుకలో ఉంది, అయితే గడ్డల కోసం కాదు, తీవ్రంగా దెబ్బతిన్న ఊపిరితిత్తుల కోసం. అనేక దేశాల్లో జరిపిన పెద్ద పరీక్షలో దానివల్ల మేలు కనబడలేదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. రక్తపరీక్షలో తెల్లకణాలు కాస్త ఎక్కువగా ఉన్నాయనగానే గడ్డ కడుతుందని భయపడక్కర్లేదు. మామూలు జ్వరానికీ అవి పెరుగుతాయి. కాలు ఒకవైపే వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పరిశోధకులు ఇప్పుడు ఎంజైమ్‌ను వదిలి, అది కూర్చున్న వలను తెంపే దారి చూస్తున్నారు. పక్షవాతం వచ్చినవారి మెదడు నాళాల్లోంచి తీసిన గడ్డల్లో ఈ డీఎన్‌ఏ పోగులు కనిపించాయి. ప్రయోగశాలలో ఆ గడ్డల మీద మామూలుగా ఇచ్చే కరిగించే మందుకు డీఎన్‌ఏను కోసే డీఎన్‌ఏజ్‌ను జోడిస్తే, గడ్డ ఇంకా త్వరగా కరిగింది. డీఎన్‌ఏజ్ కొత్త మందేమీ కాదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ రోగుల ఊపిరితిత్తుల్లోని చిక్కటి కఫాన్ని పలచబరచడానికి 1990ల నుంచీ పీల్చే మందుగా ఇస్తున్నారు.