టికెట్ కొంటే ప్రాణానికి పూచీ దొరకదు: యాత్రలపై అపోహలు – వాస్తవాలు

మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు సెలవులివ్వగానే పల్నాడు, బాపట్ల, ప్రకాశం ఊళ్ల నుంచి టూరు బస్సులు బయల్దేరతాయి. కాయ కోతలు అయిపోయి, పత్తి డబ్బు కూడా చేతికందే రోజులవి. తిరుమల, అరకు, ఊటీ, ఇంకాస్త ఓపికుంటే కాశీ. మళ్లీ కార్తీకం రాగానే వనభోజనాలకు సూర్యలంక, కోటప్పకొండ, నాగార్జునసాగర్, భవానీ ద్వీపం. ఏడాది పొడుగునా ఎండలో కష్టపడినవాళ్లకు ఈ నాలుగు రోజుల సంతోషం దక్కి తీరాలి. అందుకే ప్రయాణాల గురించి మనలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలను ఒకసారి గట్టిగా ప్రశ్నించుకోవాలి. వాటిలో కొన్ని ఇప్పటికే ప్రాణాలు తీశాయి.

అపోహ: అనుమతి లేకుండా అంత బాహాటంగా పడవ నడుపుతారా? చూసుకునే అధికారులు ఉంటారుగా!

2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం. ఒంగోలు వాకర్స్ క్లబ్ వాళ్లు కుటుంబాలతో కలిసి విజయవాడ విహారానికి వెళ్లారు. సాయంత్రం పవిత్ర సంగమం దగ్గర కృష్ణమ్మ హారతి చూద్దామని ఒక ప్రైవేటు పడవ ఎక్కారు. ఆ పడవకు అక్కడ ప్రయాణికులను తిప్పే అనుమతి లేదు. అందరికీ లైఫ్ జాకెట్లూ లేవు. ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, గట్టు కళ్ల ముందు కనబడుతుండగానే అది తిరగబడింది. 20 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఒంగోలువాళ్లే. రోజూ పొద్దున్నే లేచి నడిచే మనుషులు, ఆరోగ్యం పట్ల శ్రద్ధ ఉన్నవాళ్లు, చదువుకున్నవాళ్లు.

నేరం అనుమతి లేకుండా పడవ నడిపినవాళ్లది, చూసీ చూడనట్టు వదిలేసినవాళ్లది. పోయినవాళ్ల మీద ఒక్క మాట కూడా అనకూడదు. కానీ ఆ రోజు నుంచి బతికున్న మనం నేర్చుకోవలసింది ఒకటుంది. తనిఖీ జరిగే ఉంటుందని అనుకోవడం తనిఖీ కిందికి రాదు. మన రైతు యార్డులో కాటా కళ్లారా చూసుకోకుండా ఒక్క మిర్చి టిక్కీ కూడా వదలడు. పడవ ఎక్కేటప్పుడు పిల్లల విషయంలో ఆ పట్టుదల ఎందుకు సడలాలి? ఎంతమందికి అనుమతి ఉంది, ఎంతమందిని ఎక్కించారు, మనిషికొక జాకెట్ ఉందా అని అడగడానికి రెండు నిమిషాలు చాలు. లేదంటే ఎక్కకూడదు, ఇచ్చిన డబ్బు పోయినా సరే. గుంపులో ఒక్కరు దిగిపోతే మిగతావాళ్లకూ దిగే ధైర్యం వస్తుంది. ఆ మొదటి మనిషి కావడానికి మొహమాటపడకండి.

అపోహ: లైఫ్ జాకెట్ ఈత రానివాళ్లకే. ఉక్కపోస్తే తీసి పక్కన పెట్టుకోవచ్చు.

2019 సెప్టెంబరు 15న పాపికొండలకు వెళుతున్న పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగింది. ప్రాణాలతో బయటపడినవాళ్లు 26 మంది. ఒడ్డున ఉన్న గిరిజన గ్రామస్థులు నాటుపడవలతో వచ్చి వాళ్లను లాక్కొచ్చారు. పడవ ఒరిగాక జాకెట్ వెతుక్కుని, తొడుక్కుని, పట్టీలు బిగించుకునేంత సమయం నది ఇవ్వదు. ఎక్కడానికి ముందే తొడుక్కోవాలి, దిగాకే విప్పాలి. పట్టీలు బిగించకపోతే నీళ్లలో జాకెట్ ఒక్కటే తేలుతుంది, మనిషి దానిలోంచి జారిపోతాడు.

అపోహ: చిన్నప్పటి నుంచి బావిలో ఈదినవాణ్ని, సముద్రం నన్నేం చేస్తుంది?

సూర్యలంక, వాడరేవు, రామాపురం, కొత్తపట్నం తీరాల్లో ఏటా వినిపించే చావు వార్తల్లో ఎక్కువ భాగం కుర్రవాళ్లవి. వాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటారు. బావి నీళ్లు నిలబడి ఉంటాయి, సముద్రం నీళ్లు కదులుతుంటాయి. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా మళ్లీ లోపలికి పోవాలి కదా. ఆ నీరు ఒక సన్నటి దారి చేసుకుని జోరుగా వెనక్కి పరుగెడుతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అది ఉన్నచోట అలలు పెద్దగా విరగవు. పక్కన నురగలు కక్కుతూ అలలు, మధ్యలో మాత్రం ప్రశాంతంగా కనబడే నీళ్లు. పిల్లల్ని దింపడానికి అదే మంచి చోటనుకుని తల్లిదండ్రులు అక్కడే దిగుతారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఆ ప్రవాహం మనిషిని లోతుకు ముంచదు, ఒడ్డుకు దూరంగా లాక్కుపోతుంది. భయంతో దానికి ఎదురీదినవాడు నిమిషాల్లో అలసిపోయి మునిగిపోతాడు. చిక్కుకుంటే ఎదురీదకండి. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేకెయ్యండి. ఓపికుంటే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదండి. ఆ దారి వెడల్పు సాధారణంగా ఎక్కువ ఉండదు, దాటగానే అలలే ఒడ్డువైపు తోస్తాయి.

ఇంకో మాట. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి వరసగా ఇద్దరు ముగ్గురు పోయిన ఘటనలు మన తీరంలో ఎన్నో. మునిగేవాడు దొరికిన మెడను పట్టుకుంటాడు. దూకకుండా ట్యూబు, మూత బిగించిన ఖాళీ క్యాను, తాడు, ఏదీ లేకపోతే చీర విసరండి. గజ ఈతగాళ్లను, మెరైన్ పోలీసులను పిలవండి. మందు తాగి నీళ్లలో దిగేవాడిని స్నేహితులే ఒడ్డున కూర్చోబెట్టాలి, అలిగినా ఫరవాలేదు.

అపోహ: ఏట్లో నీళ్లు లేవు, బండల మీద ఫొటో దిగితే ఏమవుతుంది?

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య బండలపైకి వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, వాళ్లను తీసుకెళ్లిన టూరు నిర్వాహకుడు కొట్టుకుపోయారు. ఎగువన లార్జి డ్యామ్ గేట్లెత్తి నీళ్లు వదిలారు. డ్యామ్ దిగువన ఏరు ఎండిందంటే గేట్లు మూసి ఉన్నాయనే అర్థం. నాగార్జునసాగర్ దిగువనా, పులిచింతల దిగువనా ఇదే లెక్క. సాగర్ కుడి కాలువది మరో రకం ప్రమాదం. లైనింగ్ చేసిన వాలు గట్టు పాచి పట్టి ఉంటుంది, పడినవాడికి చేతికి పట్టు దొరకదు. కాలు కడుక్కోవడానికి దిగినా పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి.

అపోహ: రాత్రి బయల్దేరితే పగలంతా కలిసొస్తుంది. డ్రైవర్‌కు అలవాటే.

తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య నిద్ర ఎవరినైనా ముంచుకొస్తుంది. టీ తాగినా, కిటికీ తీసినా, పాటలు పెట్టినా ఆ మత్తు కాసేపే ఆగుతుంది. బండి పక్కకు ఆపి ఇరవై నిమిషాలు కునుకు తీయడం వీటన్నిటికంటే మేలు. 2023 జులైలో పొదిలి నుంచి కాకినాడకు వెళుతున్న పెళ్లి బృందం బస్సు అర్ధరాత్రి వేళ దర్శి దగ్గర సాగర్ కాలువలో పడి ఏడుగురు చనిపోయారు. రాత్రి ప్రయాణం తప్పనిసరైతే రెండో డ్రైవర్ ఉన్న బండినే మాట్లాడుకోండి. కిరాయిలో వెయ్యి రూపాయలు తగ్గించమని బేరమాడేవాళ్లం, డ్రైవర్ నిన్న రాత్రి ఎక్కడ నిద్రపోయాడో అడగం.

అపోహ: వెనక సీట్లో బెల్టు ఎందుకు?

చట్టం వెనక సీటుకూ వర్తిస్తుంది, పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా. బెల్టు లేకుండా వెనక కూర్చున్న మనిషి ప్రమాదంలో ముందు సీటు మీద బరువుగా పడి, ముందున్నవాళ్ల ప్రాణం కూడా తీయగలడు. ఒళ్లో చంటిబిడ్డను పెట్టుకుని ముందు కూర్చోవడం అన్నిటికంటే ప్రమాదం.

అపోహ: ట్రాక్టర్ ట్రక్కులో నలుగురం కలిసి వెళితే సరదా.

2023 జూన్‌లో గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు మండలంలో శుభకార్యానికి వెళుతున్న ట్రాక్టర్ బోల్తా పడి పలువురు మహిళలు చనిపోయారు. ట్రక్కు సరుకు కోసం. అందులో మనుషుల్ని ఎక్కించడం చట్టవిరుద్ధం, బీమా పరిహారానికీ చిక్కులొస్తాయి.

అపోహ: ఏసీ బస్సు కాబట్టి భద్రం.

2013 అక్టోబరు 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కాలిపోయింది ఖరీదైన వోల్వో బస్సే. 45 మంది పోయారు. 2024 మే 15 తెల్లవారుజామున, ఓటేసి చినగంజాం వైపు నుంచి హైదరాబాద్‌కు తిరుగు ప్రయాణమైన ప్రైవేటు బస్సు చిలకలూరిపేట దగ్గర టిప్పర్‌ను ఢీకొని తగలబడింది. ఆరుగురు సజీవ దహనమయ్యారు. బస్సెక్కగానే అత్యవసర ద్వారం ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకోండి. అద్దాన్ని మధ్యలో కాకుండా మూలల్లో కొట్టాలి. మంట కనబడితే సంచుల కోసం ఆగకూడదు.

కాశీ, రామేశ్వరం బస్సుల్లో వంటకు గ్యాస్ సిలిండర్ తీసుకెళ్లే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. 2023 ఆగస్టు 26న మదురైలో, లక్నో నుంచి వచ్చిన యాత్రికుల రైలు పెట్టె దొంగచాటుగా తెచ్చిన సిలిండర్ వల్లే తగలబడి తొమ్మిదిమంది చనిపోయారు. ఇంటి భోజనం మీద మమకారం ఎంత ఉన్నా సిలిండర్‌ను మనుషుల మధ్య పెట్టి ప్రయాణం చేయకండి.

అపోహ: తప్పు వాళ్లదైతే కోర్టులు చూసుకుంటాయి.

బియాస్ కేసులో హిమాచల్ హైకోర్టు విద్యుత్ బోర్డు, కాలేజీ, ప్రభుత్వం ముగ్గురూ పరిహారం చెల్లించాలని తీర్పిచ్చింది. న్యాయమైన తీర్పే. తప్పు చేసినవాళ్లను వదలకూడదు, ఫిర్యాదు చేయాలి, అడగాలి. అయితే ఆ తీర్పు వచ్చేసరికి 2016 వచ్చింది, పిల్లలు రాలేదు.

ఈ వేసవిలో, వచ్చే కార్తీకంలో మీ ఊరి నుంచి బస్సు కట్టే పెద్దలకు ఒక విన్నపం. బయల్దేరే ముందు డ్రైవర్ లైసెన్సు, బండి ఫిట్‌నెస్, బీమా కాగితాలు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. రైలు టికెట్ ఆన్‌లైన్‌లో కొంటే పైసల్లో దొరికే ప్రమాద బీమాను ఎంచుకుని నామినీ పేరు నింపండి. 112, 108, జాతీయ రహదారి సాయానికి 1033, రైల్వేకు 139 నంబర్లను బస్సులో అందరినీ ఫోన్లలో ఎక్కించుకోమనండి. పడవ దగ్గరా, కాలువ దగ్గరా, సముద్రం దగ్గరా ‘వద్దు’ అనే అధికారం గుంపులో ఒకరికి ముందే ఇవ్వండి. ఆ మనిషి వద్దన్నప్పుడు మిగతావాళ్లు మాట వినండి.