రోలర్ కింద ఒకసారి, కమలంతో ఒకసారి

మన ఇబ్రహీంపట్నం రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నా, పార్లమెంటు ఓటు మాత్రం భువనగిరి సీటుకే. 2014లో ఇక్కడ టీఆర్ఎస్ ఎంపీగా గెలిచిన డాక్టర్ బూర నర్సయ్య గౌడ్, 2019లో కోమటిరెడ్డి వెంకట్ రెడ్డి చేతిలో 5,219 ఓట్ల తేడాతో ఓడారు. కారును పోలిన రోడ్డు రోలర్ గుర్తుకు 27 వేలకు పైగా ఓట్లు పడ్డాయి, కొంప ముంచింది అదేనని పార్టీ గోల. (బొమ్మ చూసి నొక్కేవాళ్లు ఇంకా ఉన్నారు మరి!)

2022లో ఆయన సంప్రదాయవాద బీజేపీలో చేరారు. 2024లో చామల కిరణ్ కుమార్ రెడ్డి చేతిలో ఏకంగా 2,22,170 ఓట్ల తేడాతో ఓటమి. కారు మీద వచ్చిన 5.27 లక్షల ఓట్లు కమలం మీద 4.07 లక్షలకు తగ్గాయి. కానీ 2019లో బీజేపీకి ఈ సీటులో వచ్చినవి 65 వేల చిల్లరే. ఓడినా ఆయన రెండో స్థానంలో నిలిచారు, పాత పార్టీ మూడోదానికి జారింది.