ఏమీ తినకుండానే లావవుతున్నారా?

"ఏమీ తినడం లేదక్కా, మంచినీళ్ళు తాగినా ఒళ్ళొచ్చేస్తోంది!"

ఈ మాట మీరు ఎన్నిసార్లు విని ఉంటారు? పోనీ, మీరే ఎన్నిసార్లు అని ఉంటారు? మా తోడికోడలిది పదేళ్ళుగా ఇదే పాట. మాది నెల్లిమర్ల. ఇద్దరివీ పక్కపక్క వాటాలు, మధ్యలో ఒకటే పెరడు. అందుకని ఆవిడ ఏం తింటుందో, ఏం తినదో నాకంతా తెలుసుననే అనుకునేదాన్ని.

కిందటేడు వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరింది. పెళ్ళినాటికి పది కిలోలు తగ్గి తీరాలని మా తోడికోడలు పంతం పట్టింది. పొద్దున్న టిఫిను మానేసింది. మధ్యాహ్నం రెండు ముద్దలు మెతుకులు. రాత్రికి అన్నం బదులు రెండు చపాతీలు. శనివారాలు, ఏకాదశులు సరేసరి. అలా రెండు నెలలు గడిచాయి. శ్రీరామనవమికి రామతీర్థం కల్యాణం చూద్దామని వెళ్ళాం. ఎండలో, ఆ జనంలో నిలబడి ఉండగానే కళ్ళు తిరిగి నా భుజం మీద వాలిపోయింది. ఆస్పత్రికి తీసుకువెళ్ళి రక్తం పరీక్ష చేయిస్తే హెమోగ్లోబిన్ 8.4 ఉంది. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలిట. తూకం వేస్తే రెండు నెలల కిందట ఎంతో ఇప్పుడూ అంతే, 67 కిలోలు!

"ఒక్క కిలో కూడా తగ్గలేదా?" అని పాపం ఏడ్చినంత పని చేసింది.

ఆవిడొక్కర్తిదే ఈ అవస్థ అనుకోకండి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 36 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారని తేలింది. అదే సర్వేలో రక్తహీనత ఉన్నవాళ్ళు నూటికి 59 మంది దాకా ఉన్నారు. ఒంటి నిండా కండ ఉన్నట్టే కనిపించే మనిషికి లోపల రక్తం లేకపోవడం వింతేమీ కాదన్నమాట. అలాంటి మనిషి తిండి మానేస్తే తగ్గేది బరువు కాదు, ఓపిక.

డాక్టరమ్మ చీటీ రాయలేదు!

మాత్రలకి చీటీ రాసే ముందు డాక్టరమ్మ ఒక పని చెప్పింది. "వారం రోజులు నోట్లో ఏది వేసుకున్నా ఒక నోటుబుక్కులో రాయండి. గుక్కెడు టీ అయినా సరే, సగం బిస్కెట్ అయినా సరే."

మావాళ్ళమ్మాయి పాత లెక్కల నోటుబుక్కు తీసి రాయడం మొదలుపెట్టింది మా తోడికోడలు. మూడో రోజుకే మొహం చిన్నబుచ్చుకుని నా దగ్గరికొచ్చింది. "అక్కా, ఇదంతా నేనే తిన్నానంటావా?"

అందులో ఏముందో చెప్తాను, ఆవిడ ఒప్పుకుంది కాబట్టి. రోజుకి అయిదు టీలు, కప్పుకి రెండు చెంచాల పంచదార. నాలుగింటికి వీధి చివర బండి మీద తెచ్చిన పునుగులు ఆరు. వంట చేస్తూ డబ్బాలోంచి గుప్పెడు జంతికలు. బాబు సగం తిని వదిలేసిన చిప్స్ పేకెట్టు. రాత్రి గిన్నెలు కడిగేముందు అడుగున మిగిలిన పప్పన్నం, "పారీడానికి మనసొప్పలేదు" అని పక్కనే రాసి మరీ పెట్టింది.

ఇద్దరం కూర్చుని లెక్కేశాం. చిన్న చెంచాడు పంచదార అంటే 20 కేలరీలు. పది చెంచాలకి 200. చిన్న చెంచాడు నూనె అయితే 45 కేలరీలు. పునుగులు పీల్చిన నూనెతో సహా 250కి తక్కువ ఉండవు. గుప్పెడు జంతికలు 150. చిప్స్ ముక్కలు 130. రమారమి 730 అయింది, ఇంకా టీలో పాలూ, గిన్నెలో పప్పన్నమూ కలపకుండానే. అంటే మధ్యాహ్నం మానేసిన భోజనం కంటే ఎక్కువే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజంతటికీ పంచదార 20, 25 గ్రాములు దాటకూడదు. మా తోడికోడలు టీలోనే 50 గ్రాములు తాగేస్తోంది.

కంచంలో కూర్చుని తిన్నది మాత్రమే తిండి అనుకుంటాం మనం. నిలబడి, నడుస్తూ, గరిటెతో రుచి చూస్తూ తిన్నది లెక్కలోకి రాదు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

నాలుగింటి ఆకలి ఎక్కడినుంచి వచ్చింది?

పొద్దున్న టిఫిను మానేస్తే ఆ ఆకలి ఎక్కడికీ పోదు. వడ్డీతో సహా నాలుగింటికి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు ఎదురుగా బజ్జీ ఉంటే బజ్జీ, జంతిక ఉంటే జంతిక. ఇందులో మనసు బలహీనత ఏమీ లేదు, ఖాళీ కడుపు చేసే పని అది.

ఒకప్పుడు మా ఊళ్ళో జూట్ మిల్లు సైరన్ మీదే పొయ్యిలు వెలిగేవి. ఎనిమిది గంటలు మగ్గాల దగ్గర నిలబడి షిఫ్టు దిగినవాళ్ళకి వేడి పునుగులు, తియ్యటి టీ అవసరమే. మన అత్తగార్లూ రుబ్బురోలు తిప్పారు, నుయ్యి తోడారు, రోకళ్ళు వేశారు. మనకి గ్రైండరొచ్చింది, మోటారొచ్చింది, కొందరికి బట్టలుతికే మెషీనూ వచ్చింది. నాలుగింటి పళ్ళెం మాత్రం అలాగే ఉంచుకున్నాం. (మనకి పని లేదని నేననడం లేదు సుమండీ! పని ఉంది, కానీ ఒళ్ళు వంచే పని తగ్గింది.)

ఇంకోటి. మనలో చాలామంది అందరూ తిన్నాక, ఏ రెండున్నరకో మూడింటికో తింటాం. అప్పటికి కూర అయిపోతుంది, పప్పు అడుగంటుతుంది. మిగిలిందల్లా అన్నం, ఆవకాయ, మజ్జిగ. కడుపు నిండుతుంది గాని రక్తం పట్టే పదార్థం ఒక్కటీ లోపలికి పోదు. గంట తిరక్కుండా మళ్ళీ ఆకలి. అందుకే వంట అవగానే మన వాటా కూరా పప్పూ ఒక గిన్నెలో తీసి మూత పెట్టుకోవాలి. దీనికి సిగ్గుపడాల్సిన పని లేదు. మా అత్తగారు మొదట్లో "ఇదేటి కొత్త?" అన్నారు. తర్వాత ఆవిడే గిన్నె తీసి పెట్టడం మొదలుపెట్టారు. కంచంలో సగం కూరగాయలూ ఆకుకూరలూ పళ్ళూ ఉండాలన్నది పోషకాహార సంస్థ మాట. అన్నం మానక్కర్లేదు, కూర పెరిగితే అన్నం దానంతటదే తగ్గుతుంది.

మన వంటింట్లోనే ఉన్నాయి

సన్నబడటానికి సూపర్ బజార్లో ఖరీదైన డబ్బాలు కొనక్కర్లేదు. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో దొరికేవే చాలు.

ముందుగా మురీలు. గుప్పెళ్ళ కొద్దీ తిన్నా తూకానికి రావు. పెద్ద గిన్నెడు మురీలు 20 గ్రాములుంటే ఎక్కువ, అంటే 65 కేలరీలు. అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కీరా, కొత్తిమీర, ఒక చెంచాడు వేయించిన వేరుశనగ గుళ్ళు వేసి నిమ్మకాయ పిండండి. బండి మీద మురీ మిక్చర్‌లో వేసే నూనె, కారప్పూస మాత్రం వద్దు. వేరుశనగ గుళ్ళు మంచివే, కానీ గుప్పెడు (30 గ్రాములు) తింటే 170 కేలరీలు. కబుర్లు చెప్పుకుంటూ తినడం మొదలుపెడితే గుప్పెడుతో ఆగుతామా? చెంచాతో కొలిచి వేసుకోండి.

ఉలవలంటే ఉలవచారేనా? రాత్రి నానబెట్టి, పొద్దున్న కుక్కర్లో ఆరేడు కూతలు రానిచ్చి, ఒక్క చెంచా నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెడితే గుగ్గిళ్ళు. ఉడికించిన నీళ్ళు చారుకి పనికొస్తాయి. నూరు గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల దాకా మాంసకృత్తులున్నాయి, పీచు కూడా ఎక్కువే, అందుకే ఒక కప్పు తింటే రాత్రి భోజనం దాకా ఆకలి అనిపించదు. బొబ్బర్లు, శనగలు, పెసలు కూడా మార్చి మార్చి చేసుకోవచ్చు. పైన నిమ్మకాయ పిండటం మరిచిపోకండి, గింజల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయపడుతుంది. అదే టీ అడ్డుపడుతుంది. గుగ్గిళ్ళకీ టీకీ మధ్య, భోజనానికీ టీకీ మధ్య గంట ఎడం ఉండాలి. రక్తం తక్కువున్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

ఇక చోడి అంబలి. రెండు పెద్ద చెంచాల చోడిపిండి చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న రెండు గ్లాసుల నీళ్ళలో పోసి, చిక్కబడే దాకా సన్నసెగ మీద కలుపుతూ ఉడికించాలి. చల్లారాక పల్చటి మజ్జిగ, ఉప్పు, ఉల్లిముక్కలు కలుపుకుంటే పొద్దుటి టిఫిను అయిపోయినట్టే. నూరు గ్రాముల చోళ్ళలో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బియ్యంలో అందులో ముప్ఫయ్యో వంతైనా ఉండదు. అయితే ఒక మాట చెప్పాలి. చోళ్ళలోనూ గంట్లలోనూ కేలరీలు బియ్యంతో ఇంచుమించు సమానమే. "చోడి కదా" అని నాలుగు రొట్టెలు నెయ్యి రాసుకు తింటే ఒళ్ళు తగ్గదు.

బెల్లం సంగతీ అంతే. పంచదార మానేసి టీలో బెల్లం వేసుకుని తృప్తి పడేవాళ్ళున్నారు. రెండింటికీ కేలరీల్లో తేడా నామమాత్రం.

నూనె సరుకు తినాలనిపించిన రోజు ఆవిరి కుడుము వేసి చూడండి. గిన్నెకి పల్చటి గుడ్డ కట్టి, ఇడ్లీ పిండి పోసి మూత పెట్టడమే. అల్లం పచ్చడితో తింటే బజ్జీ గుర్తుకు రాదని అనను గాని, కాస్త ఊరట. పెద్దగా ఒళ్ళు అలవని పని చేసే ఆడవాళ్ళకి రోజుకి నూనె నాలుగు చిన్న చెంచాలు చాలు. నెలకి ఎన్ని పేకెట్లు తెస్తున్నారో ఇంట్లో మనుషులకి పంచి చూడండి, ఎక్కడున్నామో తెలుస్తుంది.

తొందర వద్దు

వారానికి అర కిలో తగ్గితే చాలు, అంతకంటే తొందర మంచిది కాదు. రోజుకి 1000 కేలరీలకంటే తక్కువ తినకూడదు. అయిదడుగుల మనిషి 53 కిలోల దాకా ఉండొచ్చు, ఆపైన జాగ్రత్త పడాలి. తూకం మిషను లేకపోతే టైలరు టేపు తీసుకోండి. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటిందంటే పళ్ళెం వైపు చూడాల్సిందే. ఎంత జాగ్రత్తగా తిన్నా ఒళ్ళు పెరుగుతుంటే, నీరసం, జుట్టు రాలడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు డాక్టరుని అడక్కుండా ఉపవాసాలు చేయకూడదు.

మా తోడికోడలు ఐరన్ మాత్రలు వాడింది. పొద్దున్న అంబలో రెండు ఇడ్లీలో తప్పకుండా తిన్నది. టీలు మూడుకి దింపి, పంచదార కప్పుకి అర చెంచా చేసింది. సాయంత్రం చంపావతి వంతెన వైపు అరగంట నడక, తోడుకి నేనూ వెళ్ళాను (నాకూ రెండు కిలోలు తగ్గాయి, అడక్కుండా వచ్చిన లాభం). పిల్లలు వదిలేసిన తిండి మాత్రం మానడానికి చాలా రోజులు పట్టింది. చివరికి పిల్లలకే సగం సగం వడ్డించడం మొదలుపెట్టింది, కావాలంటే మళ్ళీ అడుగుతారు కదా.

శ్రావణంలో పెళ్ళి. అప్పటికి 63 కిలోలు. పది కిలోలు తగ్గలేదు, నాలుగే. అయినా మూడు రోజుల పెళ్ళిలో ఒక్కసారీ కళ్ళు తిరగలేదు, హెమోగ్లోబిన్ 11 దాటింది. ఇప్పుడు 61.

అన్నట్టు, బజ్జీలు పూర్తిగా మానేశామనుకునేరు. సిరిమాను పండక్కి చుట్టాలొస్తే వేస్తాం, ఆదివారాలూ వేస్తాం. తలా రెండు. మూడోది అడిగితే మా అత్తగారు ఉలవ గుగ్గిళ్ళ గిన్నె ముందుకి తోస్తారు.