హైబ్రిడ్ కారు నడక

హైబ్రిడ్ అనే మాట మన రైతులకు కొత్త కాదు. హైబ్రిడ్ జొన్న, హైబ్రిడ్ ప్రత్తి నంద్యాల ప్రాంతపు నల్లరేగడి నేలల్లో ఎన్నో ఏళ్ళుగా పండుతున్నాయి. రెండు రకాల మంచి గుణాలు ఒకే మొక్కలో కలిసి వచ్చేటట్లు చేస్తే అది సంకరజాతి అవుతుంది. మన రోడ్లమీద కనబడుతున్న హైబ్రిడ్ కారు కూడా ఇటువంటిదే. పెట్రోలుతో నడిచే ఇంజను, విద్యుత్తుతో నడిచే మోటారు, రెండూ ఒకే బండిలో వుంటాయి.

ఈ కారు తనకు కావలసిన కరెంటును తానే పుట్టించుకుంటుందని విని, పెట్రోలు అవసరమే లేదు కాబోలునని కొందరు అనుకుంటారు. విజ్ఞానశాస్త్రం చదివే విద్యార్థి ఈ మాటను ఒప్పుకోరాదు. శక్తిని ఎవరూ సృష్టించలేరు గదా! మామూలు హైబ్రిడ్ కారును ఇంటి కరెంటుకు తగిలించి చార్జి చేయడానికి వీలు లేదు. కాబట్టి దానికి అందే శక్తి యావత్తూ పెట్రోలునుండే రావాలి. మరి అదే లీటరు పెట్రోలుతో ఎక్కువ దూరం ఎట్లా పోగలుగుతున్నది? దీనికి సమాధానం తెలిస్తే ఆ కారు నడకలోని వింతలన్నీ అర్థమవుతాయి. ఏ దారిలో దానివల్ల లాభం ఎక్కువో, ఏ దారిలో స్వల్పమో కూడా తెలుస్తుంది. లక్షల రూపాయలు పోసి కొనే వస్తువు గనుక ఈ విచారణ అవసరమే.

ఈ ఆలోచన చాలా పాతది. ఫెర్డినాండ్ పోర్షే 1900లోనే ఆస్ట్రియాలో ఇంజనూ మోటారూ కలిసిన కారును నిర్మించాడు. అయితే ఏ క్షణంలో ఏది ఎంత పనిచేయాలో నిర్ణయించడం కష్టమైన పని. చిన్న కంప్యూటర్లు వచ్చిన తరువాతనే అది సులువైంది. జపానులో 1997 డిసెంబరులో అమ్మకానికి వచ్చిన టొయోటా ప్రియస్ ఈ రకం కార్లకు విస్తృతమైన ప్రచారం తెచ్చింది. మన దేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ వచ్చింది. 2022లో హోండా సిటీ, టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా కార్లలో హైబ్రిడ్ రకాలు వెలువడ్డాయి.

వృథా అయ్యే శక్తి

ఉదాహరణకు అవుకునుండి గిద్దలూరుకు పోయే దారిని తీసుకుందాం. అవుకు బజారులో జనమూ, ఆటోలూ, నాపరాళ్ళ లారీలూ అడుగడుగునా అడ్డం వస్తాయి. బనగానపల్లె మీదుగా నంద్యాల చేరేవరకు చాలాభాగం సాఫీగా సాగవచ్చు. నంద్యాల దాటి గాజులపల్లె గడిచిన తరువాత నల్లమల అడవిలో కనుమదారి వస్తుంది. ఆ కనుమకు అవతల గిద్దలూరు. బజారు, చదును దారి, కనుమ ఈ మూడూ ఒకే ప్రయాణంలో వున్నాయి.

మనుషులతో కలిపి 1,500 కిలోగ్రాముల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 16.7 మీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. ద్రవ్యరాశిని వేగవర్గంతో గుణించి సగం చేస్తే దాని గతిజ శక్తి వస్తుంది. అది సుమారు 2,08,000 జౌళ్ళు. ఇప్పుడు ఎదురుగా గొర్రెల మంద వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు, కారు నిలిచింది. ఆ రెండు లక్షల పైచిలుకు జౌళ్ళు ఏమయ్యాయి? బ్రేకు ప్యాడ్లు డిస్కును ఒరుసుకొని వేడెక్కాయి. ఆ వేడి గాలిలో కలిసిపోయింది. దానిని తిరిగి పోగుచేయడం మనకు సాధ్యం కాదు.

ఒక లీటరు పెట్రోలు మండితే సుమారు 3.2 కోట్ల జౌళ్ళ ఉష్ణం వెలువడుతుంది. ఇందులో నాలుగో వంతు చక్రాలకు చేరుతుందనుకుంటే 80 లక్షల జౌళ్ళు అవుతుంది. దీనిని 2,08,000తో భాగించి చూడండి. 60 కిలోమీటర్ల వేగంనుండి దాదాపు 38 సార్లు ఆగి, మళ్ళీ ఆ వేగం అందుకుంటే ఒక లీటరు పెట్రోలు కేవలం బ్రేకులను వేడిచేయడానికే ఖర్చయినట్లు లెక్క!

మోటారే డైనమో

పూర్వం సైకిళ్ళకు డైనమో దీపం వుండేది. డైనమోను చక్రానికి ఆనించగానే పెడలు బరువెక్కేది. దీపానికి పోయే శక్తి తొక్కేవాని కాళ్ళనుండే రావాలి గనుక ఈ బరువు తప్పదు. పాఠశాలలో దీనిని సులభంగా చూపవచ్చు. ఆటబొమ్మలోని చిన్న మోటారు ఇరుసును వేళ్ళతో తిప్పండి. తరువాత దాని రెండు తీగల కొనలను కలిపి మళ్ళీ తిప్పండి. రెండవసారి ఇరుసు ఎదురు తిరిగినట్లు అనిపిస్తుంది. మోటారే డైనమోగా మారి, తన కదలికను తానే అడ్డుకుంటున్నది.

ఒకే యంత్రంచేత రెండు పనులు చేయించడానికి పెద్ద ఉదాహరణ మన కృష్ణానదిమీదనే వున్నది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలను ఆరింటిని స్థాపించారు. నీరు పైనుండి దిగేటప్పుడు అవి విద్యుత్తును పుట్టిస్తాయి. విద్యుత్తు మిగులుగా వున్న వేళ వెనక్కు తిరిగి, దిగువ నీటిని పై జలాశయంలోకి ఎత్తిపోయడానికి వీలుగా వాటిని నిర్మించారు. కాలువల ద్వారా అవుకు జలాశయానికి వచ్చే కృష్ణాజలాలు ఆ శ్రీశైలం జలాశయంనుండి వచ్చేవే.

హైబ్రిడ్ కారులో జలాశయం స్థానంలో బ్యాటరీ వుంటుంది. డ్రైవరు యాక్సిలరేటరు మీదనుండి కాలు తీసినా, బ్రేకును మెల్లగా నొక్కినా మోటారు డైనమోగా మారుతుంది. చక్రాలు దానిని తిప్పుతూ తమ వేగాన్ని పోగొట్టుకుంటాయి. పుట్టిన విద్యుత్తు బ్యాటరీలో నిలువ వుండి, కారు మళ్ళీ కదిలేటప్పుడు పనికివస్తుంది. దారిలో కొంత నష్టం తప్పదు. సగమే తిరిగి దక్కినా, పైన చెప్పిన లీటరులో అర లీటరు మిగిలినట్లే.

అయితే మామూలు బ్రేకులు ఎందుకు? అదే కారు 10 సెకన్లలో నిలిస్తే సగటున 21 కిలోవాట్ల శక్తిని పుచ్చుకోవాలి. ఆపదలో 3 సెకన్లలో నిలపవలసివస్తే 69 కిలోవాట్లు అవుతుంది. అంత శక్తిని అంత త్వరగా చిన్న బ్యాటరీ మింగలేదు. అందుచేత గట్టిగా నొక్కినప్పుడు మామూలు బ్రేకులే ప్రధానంగా పనిచేస్తాయి. ఈ రెంటినీ కలిపే పని కంప్యూటరుది. కొత్తగా నడిపేవారికి బ్రేకు పెడలు కొంచెం వేరుగా తోచడానికి ఇదే కారణం.

బజారులో

పెట్రోలు ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు దానికి బలం తక్కువ. అందుకే మామూలు కారులో క్లచ్చీ, మొదటి గేరూ అవసరమవుతాయి. విద్యుత్ మోటారు స్వభావం దీనికి విరుద్ధం. నిలిచివున్న స్థితిలోనే అది గరిష్ఠమైన బలంతో తిప్పగలదు. కాబట్టి హైబ్రిడ్ కారు సాధారణంగా మోటారుతోనే కదులుతుంది. తాళం తిప్పగానే వినిపించే ఇంజను చప్పుడు దీనిలో తరచు వుండదు. సిద్ధంగా వున్నట్లు తెలిపే ఒక దీపం మాత్రమే వెలుగుతుంది.

కారు ఆగినప్పుడు ఇంజను కూడా ఆగిపోతుంది. మామూలు కారు నిలిచివున్నా ఇంజను తిరుగుతూనే వుంటే గంటకు అర లీటరునుండి లీటరుదాకా పెట్రోలు కాలవచ్చు. ఇంజను ఆగినా చల్లదనం ఆగకుండా హైబ్రిడ్ కారు ఏసీని బ్యాటరీ నడిపిస్తుంది. బ్యాటరీ తగ్గినప్పుడు ఇంజను తనంతట తానే లేచి, కొంతసేపు నడిచి, మళ్ళీ ఆగుతుంది. ఇది యంత్రలోపం కాదు.

చప్పుడుకూ వేగానికీ పొంతన లేదేమి?

మామూలు కారులో చప్పుడును బట్టి వేగాన్ని ఊహించవచ్చు. కొన్ని హైబ్రిడ్ కార్లలో అట్లా కుదరదు. టొయోటా పద్ధతిలో మధ్య ఒక పళ్ళచక్రం, దానిచుట్టూ తిరిగే చిన్న చక్రాలు, వాటిని చుట్టి లోపలివైపు పళ్ళున్న వలయం వుంటాయి. సూర్యునిచుట్టూ గ్రహాలు తిరిగినట్లున్న ఈ అమరికలో చిన్న చక్రాలకు ఇంజనునూ, మధ్య చక్రానికి జనరేటరునూ, వలయానికి కారు చక్రాలను నడిపే మోటారునూ కలుపుతారు. జనరేటరు వేగాన్ని మారిస్తే, కారు వేగం ఎంతైనా ఇంజనును దానికి అనుకూలమైన వేగంలో తిప్పవచ్చు. గట్టిగా యాక్సిలరేటరు నొక్కినప్పుడు ఇంజను ఒక్కసారిగా గర్జించి అదే స్వరంలో నిలిచిపోతుంది. కారు మాత్రం క్రమంగా వేగం పుంజుకుంటుంది.

ఇంజనుకు తక్కువ పెట్రోలుతో ఎక్కువ పని చేసే వేగమూ, బరువూ వుంటాయి. దానిని వీలైనంతసేపు ఆ స్థితిలో వుంచడం, లేకుంటే ఆపివేయడం హైబ్రిడ్ కారు రెండవ కిటుకు. 1882లో జేమ్స్ అట్కిన్సన్ కనిపెట్టిన పద్ధతిని అనుసరించే ఇంజనులను ఈ కార్లలో వాడుతున్నారు. అవి పొదుపైనవేగాని, బలం కొంచెం తక్కువ. ఆ కొరతను మోటారు తీరుస్తుంది.

చదును దారిలో

బజారు దాటి ఒకే వేగంతో పోయేటప్పుడు బ్రేకు వేసే పని తక్కువ. కాబట్టి తిరిగి పట్టుకోదగిన శక్తీ తక్కువే. ఇక్కడ పెట్రోలు ముఖ్యంగా గాలిని చీల్చుకొని పోవడానికి, టైర్ల నిరోధాన్ని జయించడానికి ఖర్చవుతుంది. గాలి నిరోధం వేగవర్గాన్ని అనుసరిస్తుంది. 50 కిలోమీటర్ల వేగం 100 అయితే నిరోధం నాలుగింతలవుతుంది. గాలికి ఇచ్చిన శక్తిని ఏ మోటారూ తిరిగి తేలేదు. పొదుపైన ఇంజను వల్ల కొంత లాభం మిగిలినా, బజారులో కనబడినంత తేడా ఇక్కడ కనబడదు.

2022లో గ్రాండ్ విటారా హైబ్రిడ్ కారుకు ప్రమాణ పరీక్ష ప్రకారం లీటరుకు 27.97 కిలోమీటర్లని ప్రకటించారు. చేతిగేర్లున్న అదే కారు పెట్రోలు రకానికి 21.11 కిలోమీటర్లని ప్రకటించారు. ఈ రెండవదానిలో ఇంజనుకు కొద్దిపాటి సాయం చేసే చిన్న మోటారు వుంటుంది. ఈ అంకెల ప్రకారం 100 కిలోమీటర్లకు 3.58 లీటర్లు, 4.74 లీటర్లు ఖర్చవుతాయి. ఏటా 10,000 కిలోమీటర్లు తిరిగేవారికి 116 లీటర్లు మిగులుతాయి. రెండు కార్ల ధరల తేడాను ఈ 116 లీటర్ల విలువతో భాగిస్తే, పెట్టిన సొమ్ము ఎన్నేళ్ళకు తిరిగి వస్తుందో తెలుస్తుంది. పరీక్షలోని అంకెలు మన రోడ్డుమీద అట్లాగే రావు గనుక, ఎవరి దారినిబట్టి వారు లెక్క వేసుకోవాలి.

కనుమలో

కనుమ ఎక్కేటప్పుడు ఇంజనుకు మోటారు తోడవుతుంది. ఎక్కుడు చాలా పొడవైతే బ్యాటరీ తగ్గి, భారం ఇంజనుమీదే పడుతుంది. అప్పుడు చప్పుడు పెరుగుతుంది.

దిగేటప్పుడు అసలు విశేషం కనబడుతుంది. మన 1,500 కిలోగ్రాముల కారు 100 మీటర్ల ఎత్తు దిగితే 14,70,000 జౌళ్ళ స్థితిజ శక్తి విడుదలవుతుంది. గ్రాండ్ విటారావంటి కారు బ్యాటరీ 0.76 కిలోవాట్ అవర్లది. అనగా 27 లక్షల జౌళ్ళకు కొంచెం ఎక్కువ. బ్యాటరీ చాలాకాలం మన్నడానికి దానిని పూర్తిగా నింపరు, పూర్తిగా ఖాళీ చేయరు. అందులో సగం చోటు వున్నదనుకుంటే, టైర్లకూ గాలికీ పోయేది పోగా, సుమారు 200 మీటర్లు దిగేలోపే అది నిండిపోతుంది. ఇక విద్యుత్తును నిలువచేయడానికి చోటుండదు. అప్పుడు కంప్యూటరు పెట్రోలు పోయకుండానే ఇంజనును తిప్పించి, దాని ఘర్షణతో వేగాన్ని అదుపు చేస్తుంది. దిగుడులో ఇంజను హోరు వినబడితే డ్రైవరు కంగారు పడనక్కరలేదు. ఇట్లా దిగడానికే కొన్ని కార్లలో గేరు మీటకు ‘బి’ అనే స్థానం వుంటుంది.

పెట్రోలు కలిసివస్తుందని కొందరు డ్రైవర్లు కనుమలో బండిని న్యూట్రలులో దింపుతారు. ఏ బండికైనా అది ప్రమాదమే. ఇంజను పట్టు వదిలిపోగా, భారమంతా బ్రేకులమీద పడి అవి కాగిపోతాయి. హైబ్రిడ్ కారులో దీనివల్ల పొదుపు కూడా వుండదు. న్యూట్రలులో బ్యాటరీ చార్జి కాదు. పట్టుకోవలసిన శక్తిని చేజేతులా పారవేసినట్లవుతుంది.

కొన్ని జాగ్రత్తలు

నిశ్శబ్దం సుఖమే గాని, దానిలో అపాయం కూడా వున్నది. చప్పుడును బట్టి పక్కకు తొలగే పాదచారులు, ముఖ్యంగా చూపులేనివారు, మోటారుతో వచ్చే కారును గుర్తించలేరు. ఐరోపా సమాజంలో 2019 జూలైనుండి కొత్త నమూనాలకూ, 2021 జూలైనుండి కొత్తగా అమ్మే అన్ని విద్యుత్, హైబ్రిడ్ కార్లకూ మందవేగంలో కృత్రిమమైన ధ్వని వుండాలని నిబంధన పెట్టారు. బజారులోనూ, బడి దగ్గరా డ్రైవరు ఈ సంగతి మరువరాదు.

ఇంజను ఆగింది గదా అని కారు ఆపివేసినట్లు అనుకోకూడదు. సిద్ధదీపం వెలుగుతుంటే ఇంజను ఏ క్షణంలోనైనా లేవవచ్చు. తలుపులు మూసిన షెడ్డులో అట్లా వదిలితే, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీయగలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అట్లాగే బానెట్ కింద నారింజరంగు తొడుగున్న తీగలలో ప్రమాదకరమైన వోల్టేజి వుంటుంది. శిక్షణ లేని మెకానిక్కులు వాటిని ముట్టరాదు.

ఇంతకూ హైబ్రిడ్ కారు చేసే పని పొదుపరి అయిన రైతు చేసే పనే. వానను అతడు కురిపించలేడు. కురిసిన నీరు పారిపోకుండా గట్టు వేసి కుంటలో నిలుపుకుంటాడు. వాన తక్కువైతే కుంటలో చేరేదీ తక్కువే. ఆగుతూ సాగే దారిలో, ఎక్కుతూ దిగే దారిలో ఈ కారుకు కుంట నిండుతుంది. తిన్నని దారిలో నింపుకోవడానికి దానికి అంతగా ఏమీ దొరకదు. కారు కొనేవారు దాని ధరతోపాటు, రోజూ తాము తిరిగే దారిని కూడా ఒకసారి పరిశీలించుకోవడం మంచిది.