పూజగది నేలకు రంగుపలకల అంచు

మా యింటి పూజగది నేల నల్లని గచ్చు. దాని అంచువెంబడి ప్రతి శుక్రవారమును పద్మముల ముగ్గు పెట్టుట మా అత్తగారికి నలువదేండ్ల నియమము. నిరుడు మోకాళ్ల నొప్పులచే వారు వంగలేకపోయిరి. వారి చేతి తీరు మాకు పట్టువడలేదు. అందుచే ఆ ముగ్గునే, బజారులో టైల్సని పిలుచు రంగుపలకలతో, శాశ్వతముగ నమర్ప నిశ్చయించితిమి. అత్తగారు వద్దనలేదు, సరేయనియు ననలేదు. ఆ మౌనమే మమ్ము కలవరపెట్టినది.

గది పొడవు 8 అడుగులు, వెడల్పు 6 అడుగులు. పలక 4 అంగుళముల చదరము. పొడవునకు 24, వెడల్పునకు 18 చొప్పున లెక్కించి, మూలలు రెండుమారులు లెక్కకు రాకుండ నాలుగు తీసివేసి, 80 పలకలు తెప్పించితిమి: పద్మములు 40, ఆకులు 40. సిమెంటు కలుపక మునుపే పలకలను ఉత్తనేలపై పరచి చూడుడని మేస్త్రి చెప్పెను. పరచితిమి. ఒక మూల పద్మము రాగా, మరియొక మూల ఆకు వచ్చినది. పలకకును పలకకును నడుమ అంగుళములో ఎనిమిదవవంతు సందు విడువగా, కడపటి పలకకు ఇంచుమించు మూడంగుళముల చోటు చాలలేదు. సందుల నన్నిటిని కలిపి లెక్కించుట మరచితిమి!

పలకను కోయుదమా యని మావారు ఆలోచించుచుండ, పీటపై కూర్చున్న అత్తగారు నవ్విరి. “సరిసంఖ్య పెట్టి రెండు కొసలా పద్మం రమ్మంటే ఎట్లా వస్తుందే అమ్మాయీ? ఒకటి తీసెయ్యి” అనిరి. పొడవునకు 23, వెడల్పునకు 17 పెట్టితిమి. నాలుగు మూలలను పద్మములే నిలిచినవి. పట్టినవి 76, పద్మములు 38, ఆకులు 38. గోడప్రక్క మిగిలిన అంగుళమునకు మించని జాగాను సిమెంటుతో పూడ్చితిమి.

ఇక పని విధము. మొదట గది మూల సరిగానున్నదో లేదో చూడవలెను. మూలనుండి ఒక గోడవెంట 3 అడుగులు, రెండవ గోడవెంట 4 అడుగులు కొలిచి గురుతులు పెట్టవలెను. ఆ గురుతుల నడుమ 5 అడుగులు వచ్చినచో మూల సరియైనది. బౌధాయన శుల్బసూత్రములందు వేదికల కొఱకు చెప్పిన లెక్క యిదియే, శుల్బమనగా త్రాడు. మా గదిలో ఒక మూల వంకరగా నుండుటచే గోడను నమ్మక త్రాటిని నమ్మితిమి.

అంచు మేరకు గచ్చును అంగుళము లోతు చెక్కించి, తుడిచి, తడుపవలెను. ఒక పాలు సిమెంటునకు నాలుగు పాళ్లు ఇసుక. నీరు పీల్చు పలకలను బుడగలు వచ్చుట ఆగువరకు నానబెట్టి, పైతడి ఆరనిచ్చి వాడవలెను. నీరు పీల్చని విట్రిఫైడు పలకలను నానబెట్టరాదు. వానికి ప్రత్యేకమైన జిగురు కావలెను. ముందుగా మూలలు నిలిపి, త్రాడు బిగించి, తక్కినవానిని కొయ్యసుత్తితో మెల్లగ తట్టుచు కూర్చవలెను. ఎత్తుపల్లములు రసమట్టముతో చూడవలెను. మరునాడు సందులలో తెల్లసిమెంటు నింపి, గట్టిపడకమునుపే పైమరకలను తడిగుడ్డతో తుడువవలెను. ఒక వారము అంచును తడుపుచుండవలెను. తడి సిమెంటు చర్మమును కాల్చును; రబ్బరు తొడుగులు లేక చేయి పెట్టరాదు.

పని ముగిసినపిమ్మట గడప వెలుపలను గూడ పలకలు పరపుదమని మావారనిరి. అత్తగారు సమ్మతింపలేదు. “అక్కడ పిండిముగ్గే ఉండాలి, చీమలకైనా ఒక ముద్ద” అనిరి. ఇప్పుడు శుక్రవారములందు మా అమ్మాయి గడపయొద్ద ముగ్గు పెట్టుచుండ, అత్తగారు పీటపై కూర్చుండి చుక్కలు లెక్కించుచున్నారు. తప్పినచో చెఱిపించి మరల పెట్టించుచున్నారు. పలకలకు ఆ సౌకర్యము లేదు. కావున సోదరీమణులారా, సిమెంటు కలుపక మునుపే మీ కూర్పును ఇంటి పెద్దలకు చూపుడు.